గంట లేని గది

ఆమెను అందరూ గంటమ్మ అనేవారు. జీతాల పట్టీలో వేరే పేరు ఉంది. ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే ఒక క్షణం ఆగి, తననే అని గుర్తు తెచ్చుకుని, అప్పుడు పలికేది.

పార్లమెంటు భవనంలో మహిళా సభ్యుల విశ్రాంతి గదికి ఆమె ఆయా. ఇరవై ఆరేళ్లుగా ఆ గదే చూసుకుంటోంది. గది నేలమట్టానికి దిగువన, కింది అంతస్తులో ఉంది. భవనం కట్టినప్పుడు సభలో ఆడవాళ్లెవరూ లేరు. వాళ్లకో గది కావలసివస్తుందని ఎవరికీ తోచలేదు. తర్వాత ఒకరిద్దరు గెలిచి వచ్చినప్పుడు, విరిగిన కుర్చీలు పడేసే కొట్టును ఖాళీ చేసి మూడు మరుగుదొడ్లు, రెండు వాష్‌బేసిన్లు, ఒక మంచం, ఒక నిలువుటద్దం పెట్టారు. గోడ పైభాగాన చిన్న కిటికీ. అందులోంచి బయట నడిచేవాళ్ల చెప్పులూ బూట్లూ మాత్రం కనిపిస్తాయి.

మగవాళ్ల గది సభ గుమ్మానికి ఎదురుగానే ఉంది. పదకొండు అడుగులు.

కింది గది నుంచి సభ గుమ్మానికి యాభై ఎనిమిది మెట్లు, రెండు వరండాలు. సభలో ఓటింగ్ పెట్టినప్పుడు భవనమంతా గంట మోగుతుంది. ఎనిమిది నిమిషాలు ఆగకుండా మోగుతుంది. ఆగిందంటే తలుపులు మూస్తారు. లోపల ఉన్నవాళ్లదే ఓటు. బయట ఉన్నవాడు మంత్రి అయినా బయటే. ఆ గంట వరండాల్లో ఉంది, క్యాంటీన్లో ఉంది, లైబ్రరీలో ఉంది. మగవాళ్ల గదిలో రెండున్నాయి. కింది గదిలో లేదు. కుర్చీలకు గంట ఎందుకని అప్పట్లో తీగ లాగలేదు. కుర్చీలు పోయి మనుషులు వచ్చాక కూడా తీగ రాలేదు.

ఆ లోటు ఆమె తీర్చింది. మెట్ల కింద పీట వేసుకుని కూర్చునేది. పై వరండాలో మోగిన గంట మెట్ల మలుపులో తగిలి సన్నగా కిందికి దిగేది. వినగానే లేచి, తాళాల గుత్తితో తలుపు మీద మూడుసార్లు కొట్టేది. సభలో మనుషులు చాలక పిలిచే కోరం గంట వేరు. అది ఆగి ఆగి మోగుతుంది. దానికి తలుపులు మూయరు. దానికి ఒక్కసారే కొట్టేది. ఒకటంటే నింపాదిగా రావచ్చు. మూడంటే ఉన్నపళాన పరుగు. ఈ ఏర్పాటు ఏ నిబంధనల పుస్తకంలోనూ లేదు. కొత్తగా గెలిచి వచ్చిన ప్రతి సభ్యురాలికీ పాత సభ్యురాలు మొదటి రోజే చెప్పేది. మిగతా నిబంధనలు తర్వాత.

ఆమె ఈ పనిలో చేరేటప్పటికి ముప్పై మూడేళ్లు. అంతకు ముందు ఒక ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికేది. భర్త బస్సు డ్రైవరు. ఆయన బస్సు ఆఖరి స్టాపు ఈ భవనం వెనక గేటు. రాకపోకలకు టిక్కెట్టు కొననక్కర్లేదని ఆయనే ఈ ఉద్యోగం సంగతి చెప్పాడు. అప్పుడు సభలో ఆడవాళ్లు తొమ్మిదిమంది. ఇప్పుడు ముప్పై ఒకరు. మొత్తం సీట్లు నాలుగువందల ఇరవై.

వాళ్ల నడకలన్నీ ఆమెకు తెలుసు. ఎవరు మూడు నిమిషాల్లో పైకి చేరతారు, ఎవరికి ఆరు పడుతుంది, ఎవరి చేతిలో కర్ర ఉంటుంది, ఎవరు ఎక్కేటప్పుడు రెయిలింగు పట్టుకుంటారు. ఆరు నిమిషాలవాళ్లను ముందుగా పంపేది. వాళ్ల ఉపన్యాసాలు కూడా తెలుసు. సభలో మాట్లాడేముందు చాలామంది కిందికి వచ్చి అద్దం ముందు నిలబడి ఒకసారి చెప్పుకునేవారు. సభలో ఎవరూ సరిగ్గా విననివి ఆమె పూర్తిగా వినేది. అడిగితే చెప్పేది.

"ఎలా ఉంది గంటమ్మా?"

"బాగుందమ్మా. చివర్లో బస్సు వెళ్లిపోతున్నట్టు చెప్పకండి. మీ టైము మీది."

ఈ మాట ఎక్కువసార్లు విన్నది టీచరమ్మ. ఒకప్పుడు లెక్కల టీచరు, అయిదుసార్లు గెలిచిన సభ్యురాలు. ఆమెకు ఇప్పుడు అరవై నాలుగు.

పదకొండేళ్ల కిందట ఒక బిల్లు వచ్చింది. సభలో మూడో వంతు సీట్లు ఆడవాళ్లకే ఉంచాలన్నది అందులోని విషయం. అంటే నూట నలభై. అలాంటి బిల్లు నెగ్గాలంటే మొత్తం సభ్యుల్లో మూడింట రెండు వంతులమంది ఔననాలి. రెండువందల ఎనభై. ఓటింగు సాయంత్రం ఉండొచ్చన్నారు. మధ్యాహ్నం ఒంటిగంటకు టీచరమ్మా, కొత్తగా వచ్చిన డాక్టరమ్మా కిందికి వచ్చి అన్నం డబ్బాలు విప్పారు. పొద్దుటి నుంచి ఇద్దరూ సభలోనే ఉన్నారు, మంచినీళ్లు కూడా తాగలేదు.

గంట అప్పుడు మోగింది. ఓటింగు ముందుకు జరిపారని కింద ఎవరికీ తెలియదు. మెట్ల పక్కన నీళ్ల మోటారు ఆ రోజు సరిగా లేదు. ఆగుతూ, మళ్లీ మొదలవుతూ ఉంది. మోటారు తిరిగినప్పుడు గంట మునిగిపోయేది. ఆగినప్పుడు తేలేది. గంటమ్మకు ఆగి ఆగి వినబడింది. కోరం గంట అనుకుంది. తలుపు మీద ఒకసారి కొట్టింది.

లోపలివాళ్లు నింపాదిగా తిన్నారు. చేతులు కడుక్కున్నారు. పైకి వెళ్లేసరికి తలుపులు మూసి ఉన్నాయి. బిల్లుకు రెండువందల డెబ్భై ఎనిమిది ఓట్లు వచ్చాయి.

టీచరమ్మ మెట్లు దిగి వచ్చింది.

"ఎన్ని కొట్టావు?"

గంటమ్మ అప్పటికి పదిహేనేళ్లుగా ఒక్క గంట తప్పలేదు. అందరూ ఆ మాటే చెప్పుకునేవారు. ఆమెకున్న పేరు అదొక్కటే.

"మూడు" అంది.

మర్నాడు పత్రికలు రాశాయి. దేశం ఓటేస్తుంటే ఇద్దరు సభ్యురాళ్లు కింద అద్దం ముందు ఉన్నారని. డబ్బాల సంగతి ఎవరికీ తెలియదు, తెలిసినా పనికిరాదు. అద్దమే పనికొచ్చింది. తర్వాతి ఎన్నికల్లో టీచరమ్మ ఏ సభకు వెళ్లినా ఎవరో ఒకరు గుంపులోంచి చేతి అద్దం ఎత్తి చూపించేవారు. "అమ్మా, జుట్టు సరిచూసుకోండి!" జనం నవ్వేవారు. డాక్టరమ్మ ఓడిపోయి రాజకీయాలే మానేసింది. టీచరమ్మ స్వల్ప తేడాతో గెలిచింది.

గంటమ్మ ఆ ఏటి నుంచీ కింది గదికి గంట పెట్టించమని అర్జీలు రాస్తూ వచ్చింది. ఏటా ఒకటి. ఎందుకో మాత్రం రాయలేదు.

ఇప్పుడు ఆ బిల్లు మళ్లీ వచ్చింది. ఓటింగు ఇరవయ్యో తారీకున. గంటమ్మ పదవీ విరమణ ఆ నెల ముప్పైన.

ఇంట్లో ఒక సాయంత్రం ఆమె టీవీ వార్తలు పెట్టుకుంది. భర్త వచ్చి టీవీకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఏమోయ్, పక్కింటివాళ్లకి టీవీ లేదా?"

"ఏం?"

"వాళ్లకి కూడా వినిపిస్తున్నావు."

ఆమె సౌండు తగ్గించింది. ఆయన కూర్చోలేదు.

"నలభై ఏళ్లు హారన్ కొట్టినవాణ్ని. ముందు నడిచేవాడికి వినబడిందో లేదో వీపు చూసి చెబుతాను. నీకు ఎడమ చెవి పోయింది."

"పోలేదు. తగ్గింది."

"ఎన్నాళ్లయింది?"

రెండేళ్లయింది. పీట మెట్ల కింది నుంచి పన్నెండో మెట్టుకి, అక్కడి నుంచి మలుపులోకి మారింది. గంట వినబడగానే మళ్లీ దిగి రావాలి. ఆ దిగడానికి ఇప్పుడు ఒక నిమిషం పడుతోంది. మోకాళ్లు కూడా ఆమెతోబాటే పనిలో చేరాయి.

మర్నాడు భవనం ఇంజనీరు దగ్గరికి వెళ్లింది. ముప్పై అయిదేళ్లవాడు, చెడ్డవాడు కాదు. ఆమె పాత అర్జీలన్నీ ఒక ఫైల్లో భద్రంగా పెట్టాడు.

"ముప్పై ఒక్కమంది కోసం గోడలు పగలగొట్టమంటావా గంటమ్మా?"

"గోడలెందుకు సార్. తీగ చాలు."

"బిల్లు నెగ్గనీ. నూట నలభైమంది వస్తారు. అప్పుడు గంటేం ఖర్మ, లిఫ్టే పెడదాం."

"అది నెగ్గాలంటే ముందు వీళ్లు పైకి చేరాలి కదా సార్."

"నువ్వున్నావుగా!" అతను మనస్ఫూర్తిగా నవ్వాడు. "నీ చెవి ముందు ఏ గంట నిలబడుతుంది? ఒక్కసారైనా తప్పావా?"

ఆ పొగడ్త పట్టుకుని ఆమె మెట్లు దిగింది. దిగుతూ లెక్కపెట్టింది. యాభై ఎనిమిది. ఎప్పుడూ అంతే ఉండేవి.

ఆ సాయంత్రం అయిదింటికి టీచరమ్మ కిందికి వచ్చి మొహం కడుక్కుంటోంది. గదిలో ఇంకెవరూ లేరు. గంటమ్మ తువ్వాలు పట్టుకుని నిలబడింది.

"టీచరమ్మా, ఒక మాట."

"చెప్పు. చివర తొందరపడ్డాననేగా?"

"ఆ రోజు నేను మూడు కొట్టలేదు. ఒకటే కొట్టాను."

టీచరమ్మ కుళాయి కట్టేసింది. నీళ్లు చుబుకం మీంచి కారుతున్నాయి.

"ఏ రోజు?" అంది. తెలిసే అడిగింది.

"మీరూ డాక్టరమ్మా డబ్బాలు విప్పిన రోజు. మోటారు మోతలో కోరం గంట అనుకున్నాను."

"నిన్ను అడిగాను."

"మూడని చెప్పాను."

"అబద్ధం చెప్పావు."

"చెప్పాను."

టీచరమ్మ బేసిన్ అంచు పట్టుకుంది. మాట్లాడినప్పుడు గొంతు పెద్దది చేయలేదు. తరగతిలో కూడా ఎప్పుడూ చేసి ఉండదు.

"నాకు ఒకటే వినబడింది. ఖాయంగా ఒకటే. కానీ నువ్వు మూడన్నావు. గంటమ్మ తప్పదు కదా. అంటే నేనే మాటల్లో పడి వినలేదన్నమాట. అప్పటి నుంచి ఏ కాగితం మీద సంతకం పెట్టినా రెండుసార్లు చదువుకుంటున్నాను. వాళ్లు అద్దం చూపిస్తే తల ఎందుకు దించుకున్నాననుకున్నావు? నిజమేనేమోనని."

గంటమ్మ తువ్వాలు ముందుకు చాచింది. టీచరమ్మ తీసుకోలేదు.

"ఇంకో మూడు వారాలకి ఇంటికి పోతున్నావు. చెప్పకుండా పోతే నాకు తెలిసేదా? ఇప్పుడెందుకు చెప్పావు?"

"చెవి పోతోందమ్మా. ఇరవయ్యో తారీకున మళ్లీ ఒకటే కొడతానేమోనని. అసలు కొట్టనేమోనని. నేను తప్పనని నమ్మి గంట పెట్టట్లేదు వాళ్లు."

టీచరమ్మ తడి మొహంతోనే వెళ్లిపోయింది. కిటికీలో ఆమె చెప్పులు కనిపించాయి. ఒకచోట ఆగాయి. మళ్లీ కదిలాయి.

మర్నాడు పొద్దున గంటమ్మ ఇంకా నేల తుడుస్తుండగానే టీచరమ్మ వచ్చింది. ఒక తెల్లకాగితం, పెన్ను అద్దం కింది అరలో పెట్టింది.

"రాసివ్వు. స్పీకరుకి."

"మీరు చెప్పండి, రాస్తాను."

"నేను చెప్పను. నీ మాట, నువ్వే రాయి. అక్షరం తప్పితే దిద్దుతాను, అంతే." గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "నా కోపం పోలేదు గంటమ్మా. అది వేరే సంగతి. దాన్నీ దీన్నీ కలపను."

గంటమ్మ ఏడో తరగతి దాకా చదివింది. కాగితం ఇంటికి తెచ్చి, వంటింటి బల్ల మీద పెట్టుకుని, గుండ్రటి పెద్ద అక్షరాలతో రాసింది. భర్త ఎదురుగా కూర్చున్నాడు.

"పెన్షను ఆపేస్తారేమోనే" అన్నాడు.

"ఆపితే?"

"ఆపితే నాదుంది. టీలు రెండు కాకుండా ఒకటి చేసి రెండు కప్పుల్లో పోసుకుందాం."

"అంతేనా?"

"ఇంకేం అనమంటావు? ఒకసారి రెడ్ లైటు దాటాను నేను. ఎవరికీ ఏం కాలేదు. ఇప్పటికీ ఆ కూడలి దగ్గర నాకు కాలు బ్రేకు మీదికి పోతుంది. రాయి."

ఉత్తరం చిన్నది. ఫలానా రోజు ఓటింగ్ గంటను కోరం గంట అనుకుని తలుపు ఒకసారి కొట్టాను. ఇద్దరు సభ్యులు నా వల్ల బయట ఉండిపోయారు. అడిగితే మూడు కొట్టానని చెప్పాను. అది అబద్ధం. వాళ్లు అద్దం ముందు లేరు, అన్నం తింటున్నారు. ఇప్పుడు నాకు ఒక చెవి వినబడదు. ఇరవయ్యో తారీకు లోపల కింది గదికి గంట పెట్టించగలరు. అంతే. కింద జీతాల పట్టీలోని పేరుతో సంతకం పెట్టింది. బ్రాకెట్లో గంటమ్మ అని రాసి, అది కొట్టేసి, మళ్లీ రాసింది.

అయిదు రోజులకు ఒక కవరు వచ్చింది. అందులో రెండు కాగితాలు. మొదటిది ఇంజనీరుకు వెళ్లిన ఆర్డరు నకలు. పందొమ్మిదో తారీకు సాయంత్రానికి కింది గదిలో గంట మోగాలి. రెండోది ఆమెకు మెమో. విధి నిర్వహణలో నిర్లక్ష్యానికీ, తప్పుడు సమాచారానికీ ఆమెపై చర్య ఎందుకు తీసుకోకూడదో ముప్పై రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వాలి. ఆమె ఉద్యోగం ఇంకా పదహారు రోజులుంది.

"నీ ఉద్యోగం కన్నా నీ మెమోకే ఆయుష్షు ఎక్కువున్నట్టుందే" అన్నాడు భర్త.

రెండింటికీ ముట్టినట్టు సంతకం చేసింది. సంజాయిషీ ఆ రోజే రాసింది. ఒక్క వాక్యం. నేను పొరబడ్డాను, ఆపైన దాచాను, గంట మాత్రం మొదటి నుంచీ దూరంగానే ఉంది. దానికి జవాబు ఇంతవరకూ రాలేదు.

బిల్లు మీద చర్చ మొదలైన రోజు టీచరమ్మ కిందికి రాలేదు. అద్దం ముందు చెప్పుకోకుండానే మాట్లాడిందట. కర్ర పట్టుకుని నడిచే పెద్ద సభ్యురాలు ఒకామె దిగి వచ్చి గంటమ్మకు చెప్పింది.

"చేతి అద్దం తెచ్చి బల్ల మీద పెట్టింది. మగాళ్లు నవ్వారు. తర్వాత నీ ఉత్తరం తీసి చదివింది. నీ పేరు చదవలేదు, ఒక ఉద్యోగిని అంది. అన్నం తింటున్నారు అన్న దగ్గర ఆగింది. అప్పుడు ఎవరూ నవ్వలేదు."

"చివర్లో తొందరపడిందా?"

"లేదమ్మా. స్పీకరు టైమైందన్నాడు. నా టైము పదకొండేళ్ల కింద మొదలైందండీ అంది. పూర్తిగా చెప్పి కూర్చుంది."

పందొమ్మిదిన గంట వచ్చింది. అరచేతి వెడల్పున, ఎర్రటి రంగులో. తీగ లాగడానికి పట్టింది నాలుగు గంటలు. గోడ ఒక్కచోట చిన్న చిల్లు పడింది. ఇంజనీరు నిచ్చెన మీద నిలబడి పైకి ఫోను చేశాడు. "ఒకసారి కొట్టండి." గంట మోగింది. కిటికీ అద్దం అదిరింది. గంటమ్మ చేత్తో కుడి చెవి మూసుకుని విన్నది. ఎడమ చెవికి కూడా వినబడింది.

"చాలా?" అని అరిచాడు ఇంజనీరు.

"కాసేపు ఉండనివ్వండి" అంది ఆమె.

ఇరవయ్యో తారీకు మధ్యాహ్నం రెండూ పదికి అది మోగినప్పుడు గదిలో అయిదుగురున్నారు. అయిదుగురూ ఉలిక్కిపడ్డారు. ఒకామె చేతిలో నీళ్లగ్లాసు కింద పడింది. మరొకామె "అమ్మో, చంపేశారు!" అని నవ్వుతూ చెప్పుల కోసం వెతుక్కుంది. గంటమ్మ అలవాటుగా తాళాల గుత్తితో తలుపు మీద మూడుసార్లు కొట్టింది. ఆ మోతలో అది ఎవరికీ వినబడలేదు. కర్ర ఉన్నామెను ముందు పంపింది. మిగతావాళ్లను వెనక. తర్వాత మూడు మరుగుదొడ్ల తలుపులూ ఒక్కొక్కటే తోసి చూసింది. మంచం చూసింది. ఖాళీ.

అప్పుడు తను కూడా మెట్లెక్కింది. గంట మోగుతుండగా ఆమె పైకి వెళ్లడం అదే మొదటిసారి. ఇంతకు ముందు ఆ సమయంలో ఆమె పని కింద ఉండేది. మోకాలి మీద చెయ్యి పెట్టి, మలుపులో ఒకసారి ఆగి, రెండు వరండాలు దాటి సభ గుమ్మం ముందుకు వచ్చింది.

గంట ఆగింది. తలుపు దగ్గర మార్షల్ రెండు రెక్కల మీదా చేతులు వేసి ఉన్నాడు. మూయబోతూ ఆమెను చూశాడు. ఆగాడు.

"గంటమ్మా, కింద ఇంకెవరైనా ఉన్నారా?"

ఇరవై ఆరేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"ఎవరూ లేరు" అంది. "వేసుకోండి."

తలుపులు మూసుకున్నాయి. ఆమె వరండా అంతా ఒకసారి చూసింది. ఈ చివర నుంచి ఆ చివరకు. ఎక్కడా ఎవరూ పరిగెత్తడం లేదు. అరగంటకు లోపల బల్లలు చరిచిన చప్పుడు మొదలైంది. అది ఎంతకీ ఆగలేదు. బిల్లుకు రెండువందల తొంభై ఏడు ఓట్లు.

సాయంత్రం టీచరమ్మ కిందికి వచ్చి మొహం కడుక్కుంది. చెయ్యి చాచింది. గంటమ్మ తువ్వాలు ఇచ్చింది. తుడుచుకుని, మడిచి, తిరిగి ఇచ్చింది.

మర్నాడు పొద్దున ఇంజనీరు కొలత టేపుతో వచ్చి ఆమెను పైకి తీసుకెళ్లాడు. సభ గుమ్మానికి ఎదురుగా ఉన్న మగవాళ్ల గది తలుపు తట్టాడు. లోపలి నుంచి ఒక పెద్ద సభ్యుడు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

"ఏంటయ్యా ఇది పొద్దున్నే?"

"కొలతలండి. వచ్చే ఎన్నికల తర్వాత ఈ గది ఆడవాళ్లకి ఇవ్వాలని స్పీకరు గారి ఆర్డరు." ఇంజనీరు టేపు కొస గంటమ్మకు అందించాడు. "ఆ మూల పట్టుకోండి."

"మరి మేమెక్కడికి పోవాలి?"

ఇంజనీరు గంటమ్మ వైపు చూశాడు. ఆమె టేపు కొసను గోడ మూలకు ఆనించి బొటనవేలితో గట్టిగా నొక్కి పట్టుకుంది.

"కిందికండీ" అంది. "యాభై ఎనిమిది మెట్లు, రెండు వరండాలు. ఏం కంగారు పడకండి, గంట పెట్టించాం."